ఓడిపోయినాయన బనీను

మా నాయనకు ఇంగ్లీషు రాదు. తెలుగు కూడా బస్సు బోర్డు చదివే మేరకే వచ్చు. అయినా ఒంటి మీద ఇంగ్లీషు లేకుండా ఆయన గొర్రెలు తోలుకుపోయిన రోజు నాకు తెలిసి తక్కువ. ఆయనొక్కడే కాదు, గిద్దలూరు నుంచి కొమరోలు దాకా జీవాలు మేపుకునే మగవాళ్ళు సగం మంది అంతే. గిద్దలూరు బజారులో పట్ట పరిచి పాత బట్టలు గుట్టగా పోసి అమ్ముతారు. అవి ఏ దేశం నుంచి, ఎన్ని చేతులు మారి అక్కడికి వస్తాయో అమ్మేవాడికీ తెలియదు. కొనేవాడు గుడ్డ మందం చూస్తాడు, చంకలో చిరుగుందా అని చూస్తాడు. దాని మీద ఏం రాసుందో ఎవరికీ పట్టదు.

నాకు పట్టేది. చదువుకున్నదాన్ని కదా, ఊరికే ఉండలేను. కొమరోలు బస్సులో ఒకసారి నా ముందు సీట్లో తెల్ల మీసాల పెద్దాయన కూర్చున్నాడు. గులాబీ రంగు టీషర్టు, దాని మీద పెళ్ళికూతురి స్నేహితురాళ్ళ జట్టు అని వంకరటింకర అక్షరాలు. పొదిలిలో మూటలు మోసే ఒక పెళ్ళికాని మనిషి రొమ్ము మీద, ఈ లోకంలోకెల్లా మంచి అమ్మమ్మను నేనే అని ఉండేది. మా ఊళ్ళో ఆదివారం ఆదివారం పొట్టేలు కోసే మామ అయితే, జంతువులు మన స్నేహితులు, వాటిని తినకండి అని రాసున్న చొక్కా వేసుకుని కత్తి నూరేవాడు. నేను ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే చెప్పలేక ఇంకా నవ్వొచ్చేది.

నేను మార్కాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. కాలేజీకి దగ్గర్లోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉంటాను. మా ఇంట్లో పుస్తకం పట్టుకుని బయటికొచ్చింది నేనొక్కదాన్నే. నా తమ్ముడు నాకన్నా రెండేళ్ళు చిన్నవాడు, ఇంటర్‌తో ఆపేసి నాయనతో పాటు జీవాల వెంట పోయాడు. బోరు కింద ఉన్న రెండెకరాలూ వాడే చూసుకునేవాడు. చదువులో వాడు నాకేం తీసిపోడు. ఇంట్లో ఇద్దరిని చదివించే వీలు లేనప్పుడు, అక్క చదవనీ అని తనే పక్కకు జరిగాడు. ఆ మాట వాడు ఎప్పుడూ ఎత్తలేదు, నేను మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు.

నేను చెప్పబోయే టీషర్టు వాడు తెచ్చిందే. ఒక వేసవిలో గిద్దలూరు పోయి మోటారుకు ఏదో సామాను కొనుక్కుని వస్తూ, ఆ గుట్టలోంచి ఏరి నాయన కోసం పట్టుకొచ్చాడు. బూడిద రంగుది, మంచి మందం. ముందువైపు రొమ్మంతా నిండేట్టు ఒక నల్లటి యువకుడి ఫోటో, నవ్వుతూ ఉంటాడు. ఫోటో కింద పేరు ఉన్నట్టుంది, అక్షరాలు పెచ్చులు లేచిపోయి రెండే మిగిలాయి. దాని కింద రెండు తేదీలు. వాటిలో కూడా సంవత్సరాలు రాలిపోయి నెలా రోజూ మాత్రం కనిపిస్తున్నాయి. వెనక్కి తిప్పితే, వీపు మీద ఈ భుజం నుంచి ఆ భుజానికి పెద్ద పెద్ద అక్షరాలతో నాన్న అని ఇంగ్లీషులో ఉంది. తమ్ముడు ఆ మాట చూసే కొన్నాడు. "ఈపున నాయన అని రాసుండాది. నీకోసమే కుట్టినట్టుండాది, ఏసుకో" అని నాయన మీదికి విసిరాడు.

ఇంతకీ ముందరున్న ఈ మనిషి ఎవరని నాయన అడిగాడు. మా వైపు మనిషి మొహం వేసిన టీషర్టులు ఎలక్షన్లప్పుడే కనబడతాయి. పార్టీ వాళ్ళు జీపులో వచ్చి పంచిపోతారు, ఎలక్షన్ అయిపోయాక వాటితో ఎనుముల్ని తోముతారు. అందుకని తమ్ముడు క్షణం కూడా ఆలోచించకుండా, ఆయన అమెరికాలో ఎలక్షన్‌కు నిలబడ్డాడు నాయనా అన్నాడు. ఈ రెండు తేదీల్లో మొదటిది పోలింగు, రెండోది కౌంటింగు అన్నాడు. గెలిచాడా అని నాయన అడిగితే, గెలిచినోని బనీన్లు మిగులుతాయా, ఓడిపోయింటాడు, అందుకే మన దాకా వచ్చినాయి అని తేల్చేశాడు. నాయన అప్పటికీ నా వైపు చూశాడు. ఇంట్లో ఎమ్మే చదివింది నేను కదా, నేను అవునంటేనే నమ్మకం. నేనేమో ఆ సెలవుల్లో ఏదో పరీక్షకు చదువుకుంటూ ఉన్నాను, తలెత్తి ఒక్కసారి చూసి, అట్లే ఉన్నట్టుంది అన్నాను. వీపు మీద నాన్న అని ఎందుకుందంటే, మన లీడర్లు పేదోళ్ళ పెన్నిధి అని వేయించుకోరా, అట్లాంటిదే అని కూడా ముద్ర కొట్టాను. పొగరు అంటే అదే. చూడకుండా చెప్పడం.

అప్పటినుంచి అది మా ఇంట్లో ఓడిపోయినాయన బనీను అయింది. ఓడిపోయినాయన ఆరినాడా, ఓడిపోయినాయన్ను లోపలెయ్యండి వానొచ్చేట్టుంది, ఇట్లా మాట్లాడుకునేవాళ్ళం. నాయన దాన్ని వేసుకుని మందతో పోతూ, దారిలో ఎవరైనా అడిగితే ఆపి మరీ చెప్పేవాడు. పాపం మంచోడే, మొగం చూస్తే తెలుస్తాది, ఎవరో వెన్నుపోటు పొడిచింటారు అనేవాడు. ఆయనకు తెలిసిన రాజకీయం అంతా ఆ ఓడిపోయినాయన నెత్తిన వేశాడు.

ఆ వేసవి పోయి వానలు మొదలైన నెలలో తమ్ముడు చనిపోయాడు. బోరు దగ్గర స్టార్టరు పెట్టె తడిసి ఉంది. రోజూ చేసే పనే, రోజూ పెట్టే చెయ్యే. నాయన మందను మళ్ళేసుకుని వచ్చేసరికి వాడు గట్టు మీద పడి ఉన్నాడు. ఇంతకుమించి నేను రాయలేను.

మా దగ్గర పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు. చిన్నదినం నాడు మా పెదమ్మ, చిన్నాన్న కలిసి వాడి బట్టలన్నీ దుప్పట్లో మూట కట్టారు. ప్యాంట్లు, చొక్కాలు, క్రికెట్ టోపీ, చలికాలం మందలో పడుకునేటప్పుడు కప్పుకునే శాలువా, అన్నీ. ఊరవతల వాగు దాటించి వదిలేసి వచ్చారు. అమ్మ ఒక తువ్వాలు కొంగు కింద దాచుకుంది. పెదమ్మ అది చూసి ఏమీ తిట్టకుండానే, మెల్లగా ఆమె వేళ్ళు విప్పి తీసుకుపోయింది. పెదమ్మను తప్పు పట్టలేను. ఆమె కూడా తన మొగుడి బట్టలు అట్లాగే ఇచ్చేసిన మనిషి. ఇంట్లో మిగిలింది గోడ మీద ఒక్క ఫోటో. గిద్దలూరు స్టూడియోలో, ఎవరిదో పెళ్ళిలో అందరం కలిసి దిగిన ఫోటోలోంచి వాడిని ఒక్కడినే కత్తిరించి పెద్దది చేయించాం. వాడి భుజం మీద ఒక చెయ్యి ఉండిపోయింది, నాలుగు వేళ్ళు మాత్రం. ఆ వేళ్ళు నావి.

ఆ మూట కట్టేటప్పుడు నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఒంటి మీద ఆ బూడిద రంగు టీషర్టే. ఎవరూ దాన్ని అడగలేదు. అడగాలని ఎవరికీ తట్టలేదు. ఆ తర్వాత చాలా రోజులకు, దాన్ని ఆయన ఎవరి చేతికీ ఇవ్వకుండా బోరు గొట్టం దగ్గర తనే ఉతుక్కుంటూ ఉంటే, నేను ఉతుకుతా ఇవ్వు నాయనా అని అడిగాను. ఇవ్వలేదు. "వాని బట్టలన్నీ ఎత్తకపోయినారు. ఇది వాని బట్ట గాదు, నా బట్ట. దీన్నెవరూ అడగలేరు" అన్నాడు. ఉతికినాక లోపలివైపు బయటికి తిప్పి, ఎండ బొమ్మ మీద పడకుండా ఆరేసేవాడు. వేసుకోవడం కూడా తగ్గించేశాడు. పున్నమికో, అమావాస్యకో ఒకసారి, అంతే.

ఇది జరిగి చాలా కాలమే అయింది. మొన్నటి సంవత్సరం నాకు కాలేజీలో ఆధునిక అమెరికా పాఠం పడింది. యుద్ధాలు, అధ్యక్షులు, ఆర్థిక మాంద్యం అని మొదలుపెడితే వెనక బెంచీల్లో ఆవలింతలు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అరిచాను కూడా. అరిచాక చూస్తే, నిద్రపోతున్నవాళ్ళలో సగం మంది ఒంటి మీద అమెరికానే ఉంది. సరే, ఇక్కడినుంచే చెబుదాం అనుకున్నాను. టీషర్టు చరిత్ర మొదలుపెట్టాను.

అది మొదట లోపల వేసుకునే బనీను. ఓడల్లో పనిచేసే సైనికులకు చొక్కా కింద ఇచ్చేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు పైన చొక్కా లేకుండా దాంతోనే తిరగడం మొదలుపెట్టారు. సినిమా హీరోలు దాన్నే వేసుకున్నారు. మీ నాయన బనీను మీద బజారుకు పోతే మీ అమ్మ ఎట్లా తిడుతుందో, అక్కడ అమ్మలు కూడా అట్లాగే తిట్టి ఉంటారని చెబితే క్లాసంతా నవ్వింది. తర్వాత కాలేజీలు దాని మీద పేర్లు వేయించాయి. యుద్ధం వద్దన్నవాళ్ళు ఆ మాట దాని మీదే రాసుకున్నారు. ఎలక్షన్లు దాని మీదికొచ్చాయి, పాటగాళ్ళు ఊరూరా చేసే కచేరీలు వచ్చాయి, చుట్టాలంతా ఒకచోట కలిస్తే ఆ కలయిక పేరు దాని మీదికొచ్చింది. నోటితో చెప్పుకోలేని ప్రతిదీ వాళ్ళు రొమ్ము మీద వేసుకుని వీధిలోకి వచ్చారని చెప్పాను. పిల్లలు మొదటిసారి నోట్సు రాసుకున్నారు.

మరుసటి రోజు పాఠం కోసం ఇంకొంచెం చదువుకుందామని స్టాఫ్ రూములో కంప్యూటరు ముందు కూర్చున్నాను. అక్కడి నల్లవాళ్ళ పేటల్లో ఒక అలవాటు గురించి వ్యాసం దొరికింది. వయసులో ఉన్నవాళ్ళు అకాలంగా పోతే, ఇంటివాళ్ళు ఆ మనిషి ఫోటో వేసి, కింద పుట్టిన రోజూ పోయిన రోజూ రాయించి టీషర్టులు చేయించుకుంటారు. అంత్యక్రియల నాడు అందరూ అవే వేసుకుంటారు, ఆ తర్వాత కూడా వేసుకుని తిరుగుతారు. వ్యాసంలో ఒక ఫోటో ఉంది. చర్చి ముందు ఒక కుటుంబం వీపులు కనబడేట్టు నిలబడింది. ప్రతి వీపు మీదా పోయినవాడికి వాళ్ళు ఏమవుతారో రాసుంది. అమ్మ. అన్న. చిన్నమ్మ. నాన్న.

నేను కంప్యూటరు ఆపేసి బయటికొచ్చాను. ఆ పూట క్లాసుకు పోలేదు, తలనొప్పి అని చెప్పాను.

పోలింగు తేదీ, కౌంటింగు తేదీ. నేనే కదా అవునన్నది. మా గోడ మీద కూడా అట్లాంటి ఫోటోనే ఉంది, కింద రెండు తేదీలతో. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో రెండింటినీ చూస్తూ నాకు తట్టలేదు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఆ టీషర్టు వేసవిలో వచ్చింది. తమ్ముడు వానల్లో పోయాడు. పోయినవాళ్ళ గుడ్డ ఇంట్లో ఉండకూడదని తువ్వాలు కూడా దాటించిన మా వాళ్ళకు ఈ సంగతి తెలిస్తే ఏమంటారో నాకు తెలుసు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి బట్టను కొడుకే తెచ్చి తండ్రికి తొడిగాడు అంటారు. అమ్మ ఆ మాటను బతికినంత కాలం మోస్తుంది. నాయన అయితే దాన్ని ఒంటి మీద వేసుకున్నది తనే కాబట్టి, అంతా తన మీదే వేసుకుంటాడు. ఆ తర్వాత ఆ టీషర్టును కూడా తీసుకుపోయి కాలుస్తారు. వాడిది అంటూ నాయనకు మిగిలిన ఒక్కటీ పోతుంది. దాచుకోకుండా చెబుతున్నాను, ఆ పూట నేనూ నమ్మాను. కారణాలు, పరిణామాలు అని బోర్డు మీద రాసే నేను, ఆ గుడ్డే వాడిని తీసుకుపోయిందని నమ్మాను.

ఆ ఆదివారం ఊరికి పోయాను. దొడ్డి కంప మీద అది ఆరేసి ఉంది. నాయన మంద దగ్గర, అమ్మ పొయ్యి దగ్గర. తీసి మడిచి నా సంచిలో అడుగున పెట్టుకున్నాను. ఎవరికీ తెలియకుండా ఎక్కడో వదిలేయాలని నా ఆలోచన. మార్కాపురంలో బస్సు దిగి గదికి పోయాక వదిలేయడానికి చేతులు రాలేదు. కిటికీ దగ్గర మంచం మీద పరిచి, ఇన్నేళ్ళకు మొదటిసారి దాన్ని సరిగ్గా చూశాను. ఆ అబ్బాయికి ఇరవై దాటి ఎంతో ఉండదు. ఏదో వేడుకలో తీసిన ఫోటో, మెడలో టై వదులుగా ఉంది. ఎడమ భుజం మీద ఎవరిదో చెయ్యి, వేళ్ళు మాత్రం. ఎలక్షన్‌లో వెనక తిరిగే మనిషి చెయ్యి అనుకునేవాళ్ళం దాన్ని. నేను మంచం పక్కన కింద కూర్చుని ఏడ్చాను. ఆ అబ్బాయి కోసమా, మావాడి కోసమా అని అడిగితే నాకు తెలియదు.

నాలుగో రోజు అమ్మ ఫోన్ చేసింది. నాయన బనీను కనబడటం లేదట. మొదట గాలికి ఎగిరిపోయిందనుకుని కంప అంతా వెతికాడు. తర్వాత గొర్రెలు నమిలాయేమోనని ఒక్కొక్క దాని నోరు తెరిచి చూశాడు. మంద తిరిగిన చెలకలన్నీ నడిచొచ్చాడు, పక్కింటి మామను అడిగి మాట పడ్డాడు. రెండు రోజులుగా సంగటి ముద్ద కదిలిస్తాడు, తినడు. ఒక్క బనీను కోసం ఇంత అవసరమా అని తను అడిగితే నోరు తెరిచి, వాడు ఇచ్చింది కూడా పోగొట్టుకుంటిని అన్నాడట. ఇదంతా చెప్పి అమ్మ, "నువ్వన్నా చెప్పమ్మా, నీ మాట ఇంటాడు" అంది. నా మాట వినే కదా ఇంత దాకా వచ్చింది.

పొద్దున్నే మొదటి బస్సు పట్టుకున్నాను. ఊరి బయట దిగి నేరుగా చెలకల్లోకి నడిచాను. నాయన వేపచెట్టు కింద కర్ర ఆనించుకుని నిలబడి ఉన్నాడు, జీవాలు దూరంగా మేస్తున్నాయి. నన్ను చూసి, సెలవు లేని రోజు వచ్చావేమని అడగబోయాడు. నేను సంచిలోంచి టీషర్టు తీశాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకుని, ముందు చూశాడు, వెనక చూశాడు, చంకలు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది. గట్టు మీద కూర్చుని, కూర్చోమన్నట్టు పక్కన చేత్తో తట్టాడు.

అంతా చెప్పాను. వ్యాసం, చర్చి ముందు వీపులు, ఆ రెండు తేదీలు.

"అంటే ఎలక్షన్ గాదా?"

"కాదు నాయనా. ఒకటి పుట్టింది, ఒకటి పోయింది. ఆ రోజు నేను చూడకుండా చెప్పినాను."

ఆయన ఒక తేదీ మీద వేలు పెట్టాడు. తర్వాత రెండో దాని మీద పెట్టాడు. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంది. నాకు ఉండబట్టలేక, ఎందుకు దొంగతనం చేశానో అది కూడా చెప్పేశాను. ఇది ఇంటికి రాబట్టే వాడు పోయాడని నువ్వు అనుకుంటావేమోనని భయమేసింది, నాకు కూడా అట్లే అనిపించింది అన్నాను.

నాయన ఆలోచించాడు. ఆయన ఆలోచించేటప్పుడు కళ్ళు జీవాల మీదే ఉంటాయి, ఏది ఎటు పోతుందో చూస్తూనే ఉంటాడు. "బనీను వచ్చి పిల్లోడు పోతాడా?" అన్నాడు చివరికి. "ఆడ పిల్లోడు పోయినాకనే గదా ఈ బనీను పుట్టింది. దీనిదేం తప్పుండాది. మనది తడిసిన పెట్టె. అది నేను ఆ పొద్దు సూసుకోలా, అదీ తప్పు."

ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన అనడం నేను వినలేదు. నీ తప్పు కాదు నాయనా అన్నాను. ఆయన టీషర్టు తిప్పి వీపు మీద అక్షరాలు తడుముతూ, ఇది ఆ పిల్లోని నాయనదేనా అని అడిగాడు. అవునన్నాను. అట్లా అయితే ఆయన దీన్ని ఎట్ల వదిలిపెట్టాడు, అమ్ముకున్నాడా అని అడిగాడు. ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. అక్కడివాళ్ళు పాత బట్టలు పెట్టెల్లో నింపి దానం చేస్తారని, ఆ పెట్టెలే మూటలై దేశాలు తిరుగుతాయని, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్ళు పోతే ఎవరో వచ్చి ఇల్లంతా ఖాళీ చేసి సామానంతా అట్లా ఇచ్చేస్తారని, నాకు తెలిసిందంతా చెప్పాను. ఈయన ఏం చేశాడో మాత్రం తెలియదు అన్నాను.

నాయన తల ఊపాడు. "అయితే ఆయన గూడ పోయింటాడు" అన్నాడు. "బతికుంటే ఇడిసిపెట్టడు."

తర్వాత లేచి, చెలక దాటుతున్న రెండు గొర్రెల్ని మళ్ళేసుకొచ్చాడు. అమ్మకు నేను చెప్తాలే, నువ్వు పో, అన్నం తిను అన్నాడు. అమ్మకు ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాడో నాకు తెలియదు. పెదమ్మకు మాత్రం చెప్పలేదు.

తర్వాతి పెద్దల అమావాస్యకు నేను ఊళ్ళోనే ఉన్నాను. ఆ రోజు మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ పేర చెప్పి కొత్త బట్టలు పెడతారు, ఎవరి విస్తరి వాళ్ళకు వేసి వండినవన్నీ వడ్డిస్తారు. గోడ దగ్గర తాతకూ పెదనాన్నకూ పంచెలు, అవ్వకు చీర, తమ్ముడికి ప్యాంటూ చొక్కా పెట్టారు. వాటి పక్కన నాయన రెండు కొత్త తువ్వాళ్ళు తెచ్చి పెట్టాడు. స్నానం చేసి ఆ బూడిద రంగు టీషర్టే వేసుకున్నాడు. పెదమ్మ తువ్వాళ్ళను చూసి, ఈ రెండూ ఎవరికని అడిగింది. మాకు తెలిసి ఇంట్లో ఇంకెవరూ పోలేదు కదా అంది.

"ఓడిపోయినాయనకి ఒకటి, వాళ్ళ నాయనకి ఒకటి" అన్నాడు నాయన.

పెదమ్మకు అర్థం కాలేదు. ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్ళకు నువ్వెట్లా పెడతావు, పెట్టేది సొంతవాళ్ళు కదా అంది. ఆమె అడిగింది న్యాయమే. నేనేదో చెప్పబోయాను. నాయన అప్పటికే వంగి టెంకాయకు పీచు తీస్తున్నాడు, వీపు మా వైపు ఉంది.

"ఆ పిల్లోనికి పెట్టేదానికి వాళ్ళ నాయన లేడు" అన్నాడు తల తిప్పకుండా. "ఈపున రాసుండాది గదా. నేను పెడతాండా."

అమ్మ లోపలికి పోయి ఇంకో రెండు విస్తర్లు తెచ్చి, ఒకటి తాత పక్కన వేసింది, ఒకటి తమ్ముడి పక్కన వేసింది. తమ్ముడికి వడ్డించినవన్నీ ఆ అబ్బాయికీ వడ్డించింది.